లెక్క ఆ పాప వేళ్ళ కిందికి రావాలి

కావలి

అమ్మాయ్,

నీ ఉత్తరం అందింది. ఎనిమిదో తరగతిలో చూపులేని పాప చేరిందనీ, తెలుగు, సోషల్ చక్కగా చదువుతోందనీ, లెక్కల పీరియడ్ వచ్చేసరికి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటోందనీ రాశావు. "నోటితో అడిగితే టకటకా చెప్పేస్తుంది మాస్టారూ, నోటిలెక్కలతోనే నెట్టుకొస్తే సరిపోదా?" అని అడిగావు. సరిపోదమ్మా.

నేనూ ఒకప్పుడు అదే చేశాను. సర్వీసు మొదట్లో నా క్లాసులో చూపులేని పిల్లవాడు ఒకడుండేవాడు. రెండంకెల గుణకారం నేను బోర్డు మీద వేసేలోపే జవాబు చెప్పేవాడు. మెచ్చుకుని ఊరుకున్నాను. తొమ్మిదిలో సమీకరణాలు వచ్చాయి. నాలుగో మెట్టుకొచ్చేసరికి వాడికి మొదటి మెట్టు జారిపోయేది. కాగితం లేకపోతే నీకూ నాకూ అంతేగా? "నీకు లెక్కలు వద్దులేరా, పాస్ మార్కుల సంగతి ఎలాగో చూద్దాం" అన్నాను. ఆ మాట ఇవాళ్టికీ నన్ను గుచ్చుతూనే ఉంది. పై వరుసకి వెళ్ళి చూసుకునే కాగితం వాడికి నేను ఇవ్వనేలేదు.

కాబట్టి ముందు గణిత బ్రెయిలీ నువ్వు నేర్చుకో. పాపతో పాటు కాదు, పాప కంటే ఓ వారం ముందు. నెమెత్ సంకేతాలంటారు వాటిని. అబ్రహాం నెమెత్ అమెరికాలో పుట్టుకతోనే చూపులేని మనిషి. లెక్కలంటే ప్రాణం. చూపులేనివాళ్ళకు అది కుదరదని పెద్దలు చెబితే సైకాలజీ చదివాడు. చివరికి లెక్కల్లోకే వచ్చి, తన అవసరం కోసం కట్టుకున్న సంకేతాలను 1952లో అచ్చుకిచ్చాడు. డెట్రాయిట్ యూనివర్సిటీలో ఏళ్ళ తరబడి లెక్కలు చెప్పాడు.

ఆయన చేసిన ఒక పని చూడు. బ్రెయిలీ గడిలో ఆరు చుక్కలుంటాయి: ఎడమ పక్క పైనుంచి కిందికి 1, 2, 3, కుడి పక్క 4, 5, 6. మామూలు బ్రెయిలీలో తెలుగు 'అ' అన్నా, ఇంగ్లీషు 'ఎ' అన్నా, ముందు సంఖ్యాచిహ్నం పెడితే 1 అన్నా, అన్నీ ఒకటో చుక్కే. బీజగణితంలో అంకె పక్కనే అక్షరం వస్తుంది గదా, అక్కడ తికమక. నెమెత్ అంకెలను గడిలో ఒక వరుస కిందికి దించాడు. 1 అంటే రెండో చుక్క, 2 అంటే రెండు, మూడు చుక్కలు. అక్షరం పైనే ఉండిపోయింది. ఇక '2ఎ' అని రాస్తే వేలికి ఏది ఏదో ఇట్టే తెలిసిపోతుంది.

భిన్నాల దగ్గర ఇంకా జాగ్రత్త. "ఎక్స్ ప్లస్ ఒకటి బై రెండు" అని నువ్వు బోర్డు వైపు తిరిగి అంటావు. మొత్తాన్ని రెండుతో భాగించాలా, ఒకటిని మాత్రమేనా? చూసే పిల్లలకు గీత చెబుతుంది. ఈ పాపకు ఎవరు చెబుతారు? బ్రెయిలీలో భిన్నం మొదలుకు 1, 4, 5, 6 చుక్కలు, గీతకు 3, 4, ముగింపుకు 3, 4, 5, 6. నువ్వూ నోటితో అలాగే అను: "భిన్నం మొదలు, ఎక్స్ ప్లస్ ఒకటి, బై, రెండు, భిన్నం అయిపోయింది." వారం రోజులు ఎబ్బెట్టుగా ఉంటుంది. ఆ తర్వాత మిగతా పిల్లలు కూడా భిన్నాల్లో తప్పులు తగ్గిస్తారు, నేను చూశాను.

ఇక పలక సంగతి. మనం మార్కాపురం పలక మీద దిద్దుకున్నవాళ్ళం, రాసింది రాసినట్టే కళ్ళెదుట ఉంటుంది. బ్రెయిలీ పలక అలా కాదు. కుడి నుంచి ఎడమకు, అద్దంలో బొమ్మలా తిరగేసి మొనతో చుక్కలు పొడవాలి. రాసింది చదవాలంటే కాగితం ఊడదీసి తిప్పాలి. వ్యాసం రాయడానికి సరే, మెట్టుమెట్టుకీ వెనక్కి చూసుకునే లెక్కకు అది నరకం. పాప చేతులు ఒళ్ళో పెట్టుకోవడానికి సగం కారణం ఇదే అయ్యుంటుంది. టైపుమిషను లాంటి బ్రెయిలర్ మిషను మీద చుక్కలు పైకే లేస్తాయి, కొట్టిన వెంటనే తడిమి చూసుకోవచ్చు. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం మీ మండలంలో ఉండే భవిత కేంద్రంలో అది ఉందేమో, అక్కడి ఐఈఆర్‌పీని, అంటే ఆ పిల్లలకు చెప్పే టీచరును అడుగు. ఒకటికి పదిసార్లు అడుగు, మొహమాటపడకు. సమీకరణంలో ప్రతి మెట్టూ కొత్త వరుసలో వేయించు, 'సమానం' గుర్తులు ఒకదాని కింద ఒకటి వచ్చేలా.

మిషను దొరికేదాకా టేలర్ ఫ్రేము, అంటే అంకెలు పేర్చి లెక్క చేసుకునే గుంతల పలక. దాని ఎనిమిది కోణాల గుంతల్లో టైపులనే చిన్న ముక్కలు నిలబెడతారు. టైపుకు ఒక కొనన గీత, రెండో కొనన రెండు ముళ్ళు. ఎనిమిది దిక్కులు, రెండు కొనలు, మొత్తం 16 గుర్తులు. కూడికలు, భాగహారాలు దీని మీద హాయిగా నడుస్తాయి. కానీ ఫ్రేము ఖాళీ చేస్తే లెక్కా పోతుంది, దాచుకోవడానికి ఏమీ మిగలదు.

రేఖాగణితానికి అట్టమీద ఫెవికాల్‌తో దారం అంటించు. ఒక బొమ్మలో అన్నీ కుక్కకు. త్రిభుజం ఒక అట్ట, దానికి లంబం గీసింది ఇంకో అట్ట. పుస్తకంలో ఘనం బొమ్మను మాత్రం ఉబ్బెత్తుగా చేసి ఇవ్వకు. పుట్టుకతో చూపులేని బిడ్డకు ఆ ఏటవాలు గీతల్లో ఘనం కనిపించదు, వస్తువే చేతికివ్వు. మీ వింజమూరుకు ఉదయగిరి ఎంతో దూరం లేదు. చెక్క గరిటెలు చేసే పనివాళ్ళను అడిగి శంకువు, స్తూపం, గోళం చేయించు. స్తూపం, శంకువు ఒకే ఎత్తు, ఒకే అడుగు కొలతతో, లోపల బోలుగా ఉండాలి. మూడు శంకువుల ఇసుక పోస్తే స్తూపం నిండుతుందని పాప తన చేత్తోనే పోసి తెలుసుకుంటుంది.

కంప్యూటర్ తొందరేమీ లేదు. ఒక్కటి గుర్తుంచుకో. సమీకరణాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పెడితే అది ఆమెకు ఖాళీ కాగితమే. వర్డ్‌లో ఈక్వేషన్‌గా టైపు చేస్తే, ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేరు, లెక్కల గుర్తులను చదివే మ్యాథ్‌క్యాట్ తోడుతో దాన్ని చదివి వినిపిస్తుంది. చుక్కలు పైకి లేచే బ్రెయిలీ డిస్‌ప్లే పరికరం ఉంటే నెమెత్‌లో వేళ్ళ కిందికీ తెస్తుంది.

పరీక్షకు గంటకు 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలి, మూడు గంటల పేపరుకు ఇంకో గంట. పాప చెప్పింది పరీక్షలో రాసిపెట్టే స్క్రైబ్‌ను ముందు రోజు చూపించి వదిలేయకు. నెల ముందునుంచే ఇద్దరినీ కూర్చోబెట్టి, పాప చెప్పినట్టే భిన్నాలు రాయడం అలవాటు చేయించు.

వాళ్ళమ్మ "ఆడపిల్ల, పైగా చూపు లేదు, లెక్కలెందుకు టీచరమ్మా" అంటుందేమో. అప్పుడు మచిలీపట్నం వైపు సీతారామపురంలో చూపు లేకుండానే పుట్టిన బొల్లా శ్రీకాంత్ సంగతి చెప్పు. ఇంటర్లో సైన్సు గ్రూపు కోసం కోర్టుకెళ్ళి గెలిచి, ఎంఐటీ దాకా వెళ్ళి చదువుకున్నాడు.

నా దగ్గరున్న టేలర్ ఫ్రేము, టైపుల డబ్బా శనివారం బస్సులో పంపుతున్నాను. డబ్బా మూత వదులు, రబ్బరు బ్యాండు తియ్యకు. పాప తానే రాసిన మొదటి సమీకరణం కాగితం నాకు పంపు. తప్పులున్నా దిద్దకుండా పంపు, చదువుకుంటాను.

ఆశీస్సులతో,
మీ లెక్కల మాస్టారు