ఇంటి తిండికి ఎంత నేల కావాలి?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ప్రశ్న: మాది కదిరి దగ్గర పల్లె. నేను, మా వారు బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్నాము. ఊళ్ళో అత్తమామలకు నాలుగెకరాలున్నాయి. అందులో ఎకరం బోరు కింద పారుతుంది, మిగిలిన మూడెకరాలు వాన మీద ఆధారపడిన ఎర్రనేల. వచ్చే ఉగాదికి ఇద్దరమూ ఉద్యోగాలు మానేసి, మా పాపను తీసుకొని ఊరు చేరి, మేము తినేది మేమే పండించుకుంటూ నిదానంగా బతకాలని ఉంది. ముందుగా రెండు నాటు ఆవులను కొనాలనుకుంటున్నాము. ఇది జరిగే పనేనా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం: జరిగే పనే. అయితే ఇద్దరూ ఒకేసారి ఉద్యోగాలు మానవద్దు, మొదటి రెండేళ్ళూ ఆవులను కొనవద్దు. కారణాలు చెప్పేముందు మీ వంటింటి లెక్క ఒకటి వేసుకుందాం. ఎందుకంటే ఇటువంటి ప్రయత్నాలలో చాలామంది పొలం చూసి పంటలు నిర్ణయిస్తారు. ఇంటి తిండే లక్ష్యమైనప్పుడు వంటింట్లో ఏడాదికి ఏది ఎంత ఖర్చవుతుందో చూసి పొలాన్ని పంచుకోవడం మేలు.

మీరు ఐదుగురు. సంగటి తరచుగా చేసుకునే ఇంటికి నెలకు పదిహేను కిలోల రాగులు, అంటే ఏడాదికి 180 కిలోలు కావాలి. బోరు కింద నాటిన రాగి ఎకరానికి ఎనిమిది క్వింటాళ్ళు వచ్చినా మీకు పాతిక సెంట్లు చాలు. కందిపప్పు నెలకు నాలుగైదు కిలోలనుకుంటే, పొట్టు, నూక పోగా ఏడాదికి 80 కిలోల కందులు కావాలి. దీనికి వేరే చేను అక్కరలేదు. మీ ప్రాంతంలో వేరుశనగ మధ్య ఏడు సాళ్ళకో పదకొండు సాళ్ళకో ఒక కంది సాలు వేసే పద్ధతి ఉంది. మూడెకరాల్లోని ఆ సాళ్ళే ఇంటికి సరిపోతాయి. ఇక వేరుశనగ నూనె. నెలకు మూడు లీటర్ల చొప్పున, గానుగలో లీటరుకు మూడు కిలోల దాకా విత్తనాలు పడతాయి కనుక, ఏడాదికి 108 కిలోల విత్తనాలు, కాయల్లో చెప్పాలంటే సుమారు 155 కిలోలు అవసరం. వానలు ఓ మాదిరిగా కురిసిన ఏడాదిలో అర ఎకరం ఆ మాత్రం ఇస్తుంది. కూరగాయలకు, ఆకుకూరలకు బోరు పక్కన పది సెంట్లు వదలండి. కంది సాళ్ళను పక్కన పెడితే, మొత్తం ఎకరానికి లోపే తేలింది.

ఈ లెక్కలో వరి లేకపోవడం మీరు గమనించి ఉంటారు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. వరి పైరుకు 1,200 మిల్లీమీటర్ల వరకు నీరు కావాలి. ఆ తేడా అంతా మీ బోరు నుంచే రావాలి, అది ఎన్నాళ్ళు వస్తుందో మీ ఊరిలో ఎండిపోయిన బోర్లే చెబుతాయి. అన్నానికి బియ్యం కొనుక్కోవడంలో నామోషీ ఏమీ లేదు. చెరువు కింద పండించే రైతు ఒకరిని చూసుకొని, ఏటా ఆయన దగ్గరే వడ్లు తీసుకొని ఆడించుకోండి.

ఇంటి తిండి ఎకరంలో తేలినా, పాప బడి ఫీజు, మందులు, కరెంటు బిల్లు పొలంలో పండవు. మిగిలిన వేరుశనగ అమ్మితే డబ్బు వస్తుంది, కానీ ఊడలు, అంటే కాయ కట్టే కాడలు, నేలలోకి దిగే సమయంలో ఇరవై రోజులు వాన మొహం చాటేస్తే ఆ ఏడు కాయ తాలుపోతుంది. అందుకే మూడేళ్ళ పాటు మీ ఇద్దరిలో ఒకరి జీతం నిలవాలంటున్నాను. కదిరి నుంచి బెంగళూరు దూరమేమీ కాదు. ఒకరు వారాంతాల్లో రావచ్చు.

నేల సత్తువ సంగతికి వస్తే, ఏప్రిల్, మే నెలల్లోనే, వానకు ముందే, జొన్న, సజ్జ, అలసంద, పెసర, ఉలవ, జనుము వంటి రకరకాల విత్తనాలకు బంకమట్టి, బూడిద, ఘనజీవామృతం (పేడ, ఆవు మూత్రం, బెల్లం, పప్పుపిండి కలిపి ఆరబెట్టిన ఎరువు) పట్టించి గుళికలుగా చేసి పొడి దుక్కిలో చల్లించండి. రాష్ట్ర ప్రభుత్వపు రైతు సాధికార సంస్థ మీ జిల్లాలో ఈ పద్ధతిని విస్తృతంగా చేయిస్తోంది. వారి సిబ్బంది మీ మండలంలోనూ దొరుకుతారు. పైన వేరుశనగ కట్టె (కాయలు కోశాక మిగిలే ఎండు మొక్కలు), పొట్టు కప్పితే కొద్ది జల్లుకే మొలకలు వస్తాయి. ఎరువుకు ఆవులే ఉండాలని లేదు. వేసవిలో గొర్రెల కాపరులతో మాట్లాడి కొన్ని రాత్రులు మందను మీ చేలో నిలిపించుకోండి. సీమ రైతులకు ఇది కొత్త సంగతి కాదు.

ఆవును ఎందుకు ఆపమన్నానంటే, అది తిండి కన్నా ముందు మీ కాలాన్ని తీసుకుంటుంది. ఉదయం, సాయంత్రం పాలు పితకాలి, పెళ్ళికి పోయినా చావుకు పోయినా ఎవరో ఒకరు ఇంట ఉండాలి. రోజుకు ఐదారు కిలోల ఎండుమేత అంటే ఏడాదికి దాదాపు రెండు టన్నులు. మీ చేనిలో వేరుశనగ కట్టె, జొన్న చొప్ప రెండు పంటల పాటు వామి వేసి చూడండి. వామి నిలిస్తే మూడో ఏడు ఒక్క ఆవును తెచ్చుకోండి, రెండు వద్దు. గానుగలో నూనె తీశాక మిగిలే చెక్క అప్పుడు దాణాకు పనికివస్తుంది. ఈలోగా నాలుగు నాటుకోళ్ళు చాలు. వాటికి కొక్కెర తెగులు టీకాలు, మొదటి వారంలో లసోటా, ఎనిమిదో వారంలో ఆర్‌టూబీ, తప్పనిసరిగా వేయించాలి.

మరొకటి, మీరు అడగకపోయినా చెబుతున్నాను. నిదానపు జీవితమని మీరు అంటున్న దానిలో జూన్, జూలై నెలల చాకిరీ కూడా ఉంది. బహుశా ఆ చాకిరీ తప్పించాలనే మీ అత్తమామలు కొడుకును చదివించి ఉంటారు. ఉగాదికి ముందే వారితో కూర్చొని మాట్లాడండి. ఏ సాలులో ఏది పండుతుందో తెలిసినవారు వారే. ఈ వయసులో తమకు ఏ పని వద్దో చెప్పవలసినవారూ వారే.

ప్రశ్న: ఇంటి వెనుక పది గుంటల జాగా ఉంది. అందులో కొర్రలు వేసుకోవచ్చా? పొట్టు తీయడం కష్టమంటున్నారు.
– ఒక పాఠకుడు, సంగారెడ్డి

సమాధానం: వేసుకోవచ్చు. ఎనభై, తొంభై రోజుల్లో చేతికి వస్తాయి. పొట్టుతోనే నిల్వ చేయండి, అలా చాలాకాలం చెడవు. బియ్యంగా మార్చినవి రెండు నెలలు దాటితే ముక్కవాసన పట్టే ప్రమాదముంది. నెలకు సరిపడా మాత్రమే చిన్న మర మీద ఆడించుకోండి. కొర్ర ఒక్కటే వేయకుండా, జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లోని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు ఒకే చేనులో పదిహేను, ఇరవై పంటలు కలిపి ఎలా వేస్తారో ఒకసారి చూసి రండి. సంక్రాంతి నాడు మొదలయ్యే వారి పాత పంటల జాతర సమయంలో వెళితే విత్తనాలను బుట్టల్లో బూడిద, వేపాకు కలిపి దాచే తీరు కూడా కనిపిస్తుంది.

ప్రశ్న: ఊరి ఇంట్లో స్థలం తక్కువ. పుంగనూరు ఆవును పెంచుకుంటే ఎలా ఉంటుంది?
– ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: మీటరు ఎత్తుకు మించని జాతి కనుక స్థలమూ మేతా తక్కువే పడతాయి, పాలూ తక్కువే. అయితే ఇప్పుడు అడుగుతున్న ధరలు పాలకు కాక ముచ్చటకు పెట్టినవి. పొట్టిగా ఉన్న ప్రతి ఆవునూ పుంగనూరు పేరుతో అమ్మజూపేవారున్నారు. చిత్తూరు జిల్లా పలమనేరులో ఈ జాతిని కాపాడే పశు పరిశోధనా స్థానం ఉంది. కొనేముందు అక్కడికి వెళ్ళి అసలు జాతి లక్షణాలు కళ్ళారా చూడండి. ఇంటికి పాలే ముఖ్యమైతే మీ ప్రాంతంలో దొరికే మామూలు గేదె ఒకటి తెచ్చుకోవడం చవక.