పోయినచోటే రాబడతానంటున్నాడు, మళ్లీ డబ్బు ఇవ్వాలా?

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర పల్లె. మా అబ్బాయికి 23 ఏళ్లు, హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. క్రికెట్ బెట్టింగ్ యాప్‌లో రెండుసార్లు కలిపి ఆరు లక్షలు పోగొట్టాడు. ఒకసారి బంగారం కుదువబెట్టి, ఇంకోసారి అర ఎకరం అమ్మి కట్టాం. ఒట్టు వేసి మళ్లీ ఆడాడు, లోన్ యాప్‌ల వాళ్లు ఫోన్లు చేస్తున్నారు. ఇంకొక్కసారి ఇస్తే అంతా రాబడతానంటున్నాడు. ఇది రోగమా, పొగరా? చట్టం వచ్చాక కూడా ఎలా ఆడుతున్నాడు? ఆసుపత్రికి తీసుకెళ్తే కేసవుతుందా?

సమాధానం: మిగతావన్నీ తర్వాత, ముందు ఈ రోజే అబ్బాయిని ఇంటికి పిలిపించుకోండి. పక్కన కూర్చుని, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని భయపడకండి, అలా జరగదు, చాలామంది అడిగినందుకు ఊపిరి పీల్చుకుంటారు. ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే వేరేచోట దాచి తాళం వేయండి. రాత్రయినా పగలైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

ఇక మీ ప్రశ్న. ఇది రోగమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల జాబితాలో జూదం వ్యసనం, గేమింగ్ వ్యసనం రెండూ ఉన్నాయి. పోయినచోటే వెతుక్కోవాలని మనమంతా అనుకునేదే, ఈ జబ్బు సరిగ్గా ఆ మాట మీదే నడుస్తుంది. ఎప్పుడు వస్తుందో తెలియని గెలుపు కోసం మెదడు ఎదురుచూడటం నేర్చుకుంటుంది, కొద్దిలో తప్పిపోయిన పందెం కూడా ఆపమని కాకుండా ఇంకొకటి వేయమనే చెబుతుంది. నా ఓపీలో ఒక తండ్రి పాలిథిన్ కవర్‌లోంచి బంగారం లోన్ రసీదులు, పాస్‌బుక్ జిరాక్సులు తీసి తేదీల వరసలో టేబుల్ మీద పేర్చాడు. వాటిని చూసి కొడుకు వెక్కి వెక్కి ఏడ్చాడు, నటన కాదు. అదే సమయంలో బోర్లా పెట్టిన ఫోన్ వణికినప్పుడల్లా వాడి బొటనవేలు దాని అంచు మీదకి వెళ్తూనే ఉంది. మీవాడు వేసిన ఒట్టు కూడా నిజమే అయ్యుంటుంది, కానీ ఒట్టు ఒక్కటే ఈ జబ్బుకి చాలదు.

అందుకే చట్టం కావాలి. నార్వేలో 2006లో డబ్బు వేసి జూదమాడే స్లాట్ మెషీన్లు నోట్లు తీసుకోకుండా చేశారు, 2007లో ఆ మెషీన్లనే తీసేశారు, సాయం కోరి ఫోన్ చేసేవాళ్లు తగ్గారు. మనదగ్గర ఆన్‌లైన్ పందేలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించినా లొకేషన్ మార్చి ఆడేవాళ్లు, ఫోన్‌కి రాష్ట్ర సరిహద్దు ఏముంటుంది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది: డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా, ప్రచారం చేస్తే రెండేళ్లు, 50 లక్షలు, బ్యాంకులు ఆ చెల్లింపులు చేయకూడదు. పెద్ద కంపెనీలు ఆపేశాయి. విదేశాల నుంచి నడిచే సైట్లు మాత్రం పేరు మార్చుకుని, టెలిగ్రామ్‌లో లింకులిచ్చి, ఎవరెవరి ఖాతాల్లోకో డబ్బు వేయించుకుంటున్నాయి. ఆ ఖాతాలు మూయాలి, దాంతోపాటు ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఈ వ్యసనానికి చికిత్స దొరకాలి, ఇంటర్ పిల్లలకి మొదటి పందెం కంటే ముందే చెప్పాలి. నిషేధం ఒక్కటే పెట్టి వదిలేస్తే అప్పటికే జబ్బు పడ్డవాడు దొంగదారి వెతుక్కుంటాడు, అది నేను రోజూ చూస్తున్నాను.

కేసు భయంతో చికిత్స ఆపకండి. ఈ కేంద్ర చట్టంలో ఆడి నష్టపోయినవాళ్లకి శిక్ష పెట్టలేదు. డాక్టర్లమైన మాకు చెప్పుకున్నది గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య చట్టమే చెబుతోంది.

డబ్బు మాత్రం అబ్బాయి చేతికి ఇవ్వకండి, వంద రూపాయలు కూడా. పేరు మీదున్న అప్పులు చూపే క్రెడిట్ రిపోర్టు ఏడాదికోసారి ఉచితంగా వస్తుంది, వాడితోనే తీయించి మొత్తం అప్పు ఎంతో కాగితం మీద రాయండి, మీకు చెప్పనివి ఇంకా ఉండొచ్చు. తీర్చాల్సినవి మీరే నేరుగా, వాయిదాల్లో కట్టండి. భూమి అమ్మకండి. ఫొటోలు పంపుతామని బెదిరించే లోన్ యాప్‌ల మీద సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయండి. యూపీఐ, ఏటీఎం కార్డు కొన్నాళ్లు తల్లి దగ్గర ఉండాలి, మామూలు బటన్ల ఫోన్ చాలు. ఇదంతా వాడితో మాట్లాడి, వాడి ఒప్పుకోలుతో చేయండి, లాక్కుంటే స్నేహితుడి ఫోన్‌లో ఆడతాడు.

చికిత్సలో ముఖ్యం కౌన్సెలింగ్: పందెం మీదకి మనసు లాగే వేళలు గుర్తించి అవి దాటడం నేర్పిస్తాం. డిప్రెషన్, తాగుడు అలవాటు ఉంటే మందులు కూడా కావాలి. జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రిస్ట్‌ని కలవండి, లేదంటే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి రండి. బెంగళూరు నిమ్హాన్స్‌లో 2014 నుంచి ఫోన్, ఇంటర్నెట్ వ్యసనాలకి ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది. మధ్యలో ఒకటి రెండుసార్లు మళ్లీ ఆడొచ్చు, ఆ రోజు తిట్టకుండా మర్నాడే డాక్టర్ దగ్గరికి తీసుకురండి. అబ్బాయి రానంటే మొదటిసారి మీ ఇద్దరే రండి, ఆ అప్పుల కాగితాలు పట్టుకుని.