పిల్లాడి కనురెప్పలు కందాయి, వేళ్ల కణుపుల మీద పొక్కులు. ఆయింట్‌మెంట్ రాసినా తగ్గకపోతే ఎవరికి చూపించాలి?

రాయగడ నుంచి అడిగారు కదండీ, మాది పర్లాకిమిడి. మా పాపకి ఆరో ఏట అచ్చం ఇలాగే మొదలైంది. ఒకరు తామర అన్నారు, ఇంకొకరు ఎలర్జీ అన్నారు. మా అత్తగారు వేపాకు, పసుపు నూరి పట్టించారు (ఆవిణ్ణి ఏమనను, ఆయింట్‌మెంట్ల కంటే ఖర్చు తక్కువే). నాలుగు నెలలు అలా పోయాయి.

తప్పు మాదీ ఉంది. చర్మం డాక్టరు కదా అని చర్మం గురించే చెప్పాం. పిల్ల నేల మీంచి లేవాలంటే బోర్లా తిరిగి, చేతులు నేలకి ఆనించి, ఆ తర్వాత తన తొడల మీదే చేతులు పాకించుకుంటూ లేచేది. జడ వేస్తుంటే రిబ్బన్ పట్టుకోమన్నా చెయ్యి పైకెత్తేది కాదు. బద్ధకమని కసిరాను కూడా. చివరికి విశాఖపట్నంలో పిల్లల డాక్టరు కింద కూర్చోబెట్టి, "ఏదీ, లే తల్లీ" అన్నారు. ఆయనకి అక్కడే అనుమానం వచ్చింది.

జువెనైల్ డెర్మటోమయోసైటిస్. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే చర్మం, కండరాలు, సన్నటి రక్తనాళాల మీద తిరగబడుతుంది. అంటువ్యాధి కాదు. ఏడాదికి 10 లక్షల మంది పిల్లల్లో 2 నుంచి 4 మందికి వస్తుందట, చాలామంది డాక్టర్లు ఒక్క కేసూ చూసి ఉండరు. పుస్తకాల్లో రెప్పల మీద ఊదారంగు అని ఉంటుంది గానీ మన చామనఛాయ పిల్లలకి అది నల్లగా కమిలినట్టే కనిపిస్తుంది. పెద్దవాళ్లలో దీనికి క్యాన్సర్‌తో ముడి ఉంటుందని నెట్‌లో చదివి రాత్రంతా ఏడ్చాను. పిల్లల్లో సాధారణంగా అలా ఉండదు.

మీ బాబుకీ అదేనని నేననను. కింద కూర్చోబెట్టి లేవమనండి, మెట్లెక్కించండి, ఫోన్లో వీడియో తీసి చూపించండి. పిల్లల రుమటాలజిస్టు (కీళ్లు, కండరాలు, ఇలా రోగనిరోధక శక్తి తిరగబడే జబ్బులు చూసే డాక్టరు) దొరికితే మంచిది. రక్తంలో సీపీకే (కండరాలు దెబ్బతింటే పెరిగే ఎంజైము) చూస్తారు. అది మామూలుగా వచ్చినా జబ్బు లేదని కాదు, మా పాపకి తొడలకి ఎమ్మారై తీశాకే తేలింది. మింగడం కష్టమైనా, గొంతు ముక్కుతో మాట్లాడినట్టు మారినా, ఆయాసం వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లిపోండి.

మందులు స్టెరాయిడ్, మెథోట్రెక్సేట్. రెండోది వారానికి ఒక్కసారే, రోజూ కాదు. మేం క్యాలెండర్లో ఆదివారాలకి సున్నా చుట్టుకున్నాం. ఎండ తగిలితే మచ్చలు మళ్లీ రేగుతాయి. ప్రార్థనప్పుడు పాపని నీడలో నిలబెట్టమని హెడ్‌మాస్టరుగారికి పక్కింటాయన చేత ఒడియాలో ఉత్తరం రాయించి ఇచ్చాను.