పెంకు లేకుండా పిండం పెంచాలంటే

అమ్మా సుజాతా,

కోడిపిండాన్ని కప్పులో పెంచి చూడాలని రాశావు. పని చిన్నదే. చెడేది ఎక్కువగా రెండు చోట్ల: గుడ్డు తెచ్చేటప్పుడు, పగలగొట్టేటప్పుడు.

బెజవాడ కిరాణా కొట్లో గుడ్లు దీనికి పనికిరావు. గుడ్ల కోసమే పెట్టల్ని పెంచే లేయర్ ఫారాల్లో పుంజులుండవు, ఆ గుడ్డు ఎన్నాళ్లు పొదిగినా పిండం కట్టదు. పిల్లల్ని పొదిగించే హేచరీకి పోయే గుడ్లు గానీ, పుంజుతో తిరిగే నాటుకోడి గుడ్లు గానీ కావాలి. దొరికే చోటు గన్నవరం వెటర్నరీ కాలేజీలో వాకబు చెయ్యి. పెట్టి వారం దాటనివే తీసుకో, 15–18 డిగ్రీల్లో ఉంచు. మన ఎండల్లో గదిలో వదిలేస్తే పిండం అరకొరగా ఎదగడం మొదలెట్టి నీ గంటల లెక్క తప్పిస్తుంది.

ఇంక్యుబేటర్ 38 డిగ్రీలు, తేమ 60 శాతం. కరెంటు పోతుంది కాబట్టి ఇన్వర్టర్ తప్పదు. గుడ్డు అడ్డంగా పడుకోబెట్టి పైన పెన్సిలు గుర్తు పెట్టు. పిండం పచ్చసొన మీద పైకే తేలుతుంది.

ఇంక్యుబేటర్‌లో పెట్టిన 56 నుంచి 72 గంటల మధ్య పెంకులోంచి తియ్యి. ముందే తీస్తే నెత్తురు నాళాలు సరిగా అల్లుకోవు. ఆలస్యమైతే పొర పెంకుకు అతుక్కుని చిరుగుతుంది.

కప్పు నోట్లో వంటింట్లో గిన్నెలకు చుట్టే పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్‌ను ఉయ్యాల్లా వేలాడదీసి రబ్బరు బ్యాండు వెయ్యి. అడుగున నీళ్లు పొయ్యి, పక్కన గాలికి బెజ్జం పెట్టి దూది కుక్కు. చేతులు, పెంకు, కప్పు అన్నీ 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వు. ఇక గుర్తు పైకే ఉంచి, గుడ్డు కింది వైపు గట్టి అంచుకేసి ఒక్కసారి కొట్టు. ఫిల్మ్‌కు ఆనేంత దగ్గరగా పట్టుకుని రెండు బొటనవేళ్లతో విప్పు. ఎత్తు నుంచి వదిలితే పచ్చసొన పగులుతుంది. పెంకు మొన తగిలినా అంతే. పగిలినదాన్ని పారేయడమే, అతుకులు పడవు.

బాగా వస్తే పచ్చసొన మీద ఎర్రటి నాళాల వలయం, దాని నడుమ గుండుసూది తలంత గుండె టిక్కుటిక్కుమంటూ కనిపిస్తుంది. పిండం పక్కకు ఒరిగి ఉంటే గరిటె పెట్టకు, కప్పునే మెల్లగా వంచు. పైన మూత వదులుగా పెట్టు. తెరిచిన ప్రతిసారీ పైపొర ఆరుతుంది, బూజు దూరుతుంది, అందుకని ఫొటోలు మూతలోంచే తీసుకో.

పదో రోజు లోపు ఆపేస్తే వంటింటి ఫిల్మే చాలు. ఆ తర్వాత చిక్కు ఎముకలది: పిండం సున్నాన్ని, అంటే కాల్షియాన్ని, పెంకు నుంచే తీసుకుంటుంది, నీ కప్పులో పెంకు లేదాయె. 2014లో జపాన్‌లో తహారా, ఒబారా అనే పరిశోధకులు పాలీమిథైల్‌పెంటీన్ అనే ప్లాస్టిక్ ఫిల్మ్ వాడి, కాల్షియం లాక్టేట్ 250–300 మిల్లీగ్రాములు చేర్చి, చివరి రోజుల్లో ఆక్సిజన్ అందించి పిల్లల్ని పొదిగించారు. అంతదాకా నువ్వు వెళ్లక్కర్లేదు.

ఏ రోజు ఆపాలో, ఎలా ఆపాలో ముందే కాగితం మీద రాసి, మీ కాలేజీ ఎథిక్స్ కమిటీ సంతకం తీసుకున్నాకే గుడ్లు తెచ్చుకో. మొదటి విడత పన్నెండు గుడ్లు పెట్టు, సగం పోయినా కంగారు పడకు.

— పెదనాన్న