బెల్ట్ మార్చినా కీచు ఆగలేదా? పుల్లీలు చూడండి

ప్రశ్న: మాస్టారూ, ఆర్నెల్ల కిందట 2014 మోడల్ డీజిల్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 1,20,000 కిలోమీటర్లు తిరిగింది. పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే కీచుమని వీధంతా వినిపించేలా అరుస్తుంది, రెండు మూడు నిమిషాలకి ఆగిపోతుంది. వాన పడిన రోజు మరీ ఎక్కువ. ఈ మధ్య ఏసీ వేసుకుని స్లోలో నిలబెడితే టకటకమని ఇంకో చప్పుడు కూడా మొదలైంది. షెడ్‌లో ఇప్పటికి రెండుసార్లు ఫ్యాన్ బెల్ట్ మార్చారు, నెల రోజులు బాగుంటుంది, మళ్లీ మామూలే. ఇప్పుడు బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ మార్చాలంటున్నారు. వారానికి రెండుసార్లు భీమవరం వెళ్లి రావాలి, రాత్రిపూట చించినాడ వంతెన మీద ఆగిపోతే ఏమిటా అని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: ఆల్టర్నేటర్ ఇప్పుడే కొనకండి. కొత్త బెల్ట్ నెలకే పాడవుతోందంటే తప్పు బెల్ట్‌ది కాదండీ, అది చుట్టుకుని తిరిగే చక్రాల్లో, అంటే పుల్లీల్లో, ఏదో ఒకటి దాన్ని తినేస్తోంది. ఆ పుల్లీ ఏదో తేలేదాకా ఎన్ని బెల్టులు వేసినా డబ్బు దండగే.

పొద్దున్నే ఎందుకు అరుస్తుందో ముందు చెప్తాను. డీజిల్ బండికి సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ నుంచి చాలా కరెంటు లాగేస్తుంది, గ్లో ప్లగ్గులు (చల్లటి ఇంజన్ అందుకోవడానికి లోపల వేడి చేసేవి) వేడెక్కడానికి పోయేది దీనికి అదనం. ఇంజన్ అందుకోగానే ఆ లోటు పూడ్చడానికి ఆల్టర్నేటర్ మీద (మన షెడ్లలో ఇప్పటికీ డైనమో అనేవాళ్లున్నారు) ఒక్కసారిగా లోడ్ పడుతుంది, దాని పుల్లీ బరువెక్కుతుంది, బెల్ట్‌కి పట్టు చాలక జారుతుంది. మీకు వినిపించే కీచు ఆ జారుడే. బ్యాటరీ కాస్త నిండాక లోడ్ తగ్గి చప్పుడు ఆగుతుంది కానీ జబ్బు అలాగే ఉంటుంది. అందుకే ‘వేడెక్కితే సరిపోతుందిలెండి’ అంటే నమ్మొద్దు.

ఇంట్లోనే ఒక పరీక్ష చెయ్యండి. బండి న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, చప్పుడు వస్తున్నప్పుడే మొక్కలకి కొట్టే స్ప్రే సీసాతో బెల్ట్‌కి గాళ్లు (పొడవునా సాగే గాడులు) ఉన్న వైపు నీళ్లు కొద్దిగా చిమ్మండి. చప్పుడు వెంటనే పెరిగితే బెల్ట్ వదులుగా ఉన్నట్టు, అంటే టెన్షనర్ (బెల్ట్‌ని బిగువుగా నొక్కి ఉంచే, స్ప్రింగ్ చేతికున్న పుల్లీ) స్ప్రింగ్ బలం తగ్గిందనో బెల్ట్ గాళ్లు అరిగాయనో అనుకోవాలి. అలా కాకుండా కొన్ని సెకన్లు తగ్గి మళ్లీ వస్తే పుల్లీలు ఒకే వరసలో లేవన్నమాట. ఈ రెండో రకంలో చప్పుడు కీచుమని సాగదు, పిచ్చుక అరిచినట్టు కిచకిచమని తెగితెగి వస్తుంది. మీరు రాసినదాన్ని బట్టి, వానకి పెరుగుతోంది కాబట్టి నాకు మొదటి అనుమానం టెన్షనర్ మీదే. ఇంజన్ తిరిగేటప్పుడు లుంగీ, కండువా, మెళ్లో గొలుసు ఏదీ అటు వాలకుండా చూసుకోండి, చెయ్యి మాత్రం బెల్ట్ దగ్గరికి అస్సలు పోనివ్వొద్దు.

ఇక అసలు పని షెడ్‌లో, మీరు దగ్గరుండి చేయించాలి. ఇంజన్ చల్లారాక బెల్ట్ తీయించి, ఒక్క అర నిమిషం స్టార్ట్ చేయించండి. కొన్ని ఇంజన్లలో వాటర్ పంపు కూడా ఈ బెల్ట్‌తోనే తిరుగుతుంది, అందుకే అంతకన్నా ఎక్కువసేపు వద్దు. బ్యాటరీ లైటు వెలుగుతుంది, కంగారు పడకండి. చప్పుడు పోయిందంటే జబ్బు బెల్ట్ వైపే ఉంది, ఇంకా వస్తుంటే లోపల వెతకాలి. తర్వాత ఇంజన్ ఆపేసి పుల్లీలన్నీ ఒక్కొక్కటే చేత్తో తిప్పి చూడండి. బాగున్న ఐడ్లర్ పుల్లీ (దేన్నీ తిప్పకుండా బెల్ట్‌కి దారి చూపేది) గ్రీజు పట్టు వల్ల మెత్తగా కాస్త తిరిగి ఆగుతుంది. గ్రీజు ఎండిపోయిన పుల్లీ మాత్రం ఒక్క తోపుకి సైకిల్ చక్రంలా చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది. ‘ఎంత ఫ్రీగా తిరుగుతోందో’ అని మెచ్చుకుని వదిలేస్తారు చాలామంది, పోయింది అదే! చెవి దగ్గర పెట్టి వింటే ఎండుటాకులు నలిగినట్టు సన్నగా గరగరమంటుంది. ఆ తర్వాత పుల్లీని రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ ఊపండి, ఏ మాత్రం కదిలినా బేరింగ్ అయిపోయినట్టే.

మీ టకటక సంగతి వేరు. డీజిల్ ఇంజన్ స్లోలో ఒకే వేగంతో తిరగదు, పేలుడు పేలుడుకీ క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఒక కుదుపు కుదుపుతుంది. ఆ కుదుపు బెల్ట్‌కి తగలకుండా ఆపేవి రెండున్నాయి. మొదటిది క్రాంక్ పుల్లీ, దాని లోపలి భాగానికీ బయటి రింగుకీ మధ్య రబ్బరు ఉంటుంది. రెండోది కొన్ని బండ్లకి ఆల్టర్నేటర్ మీద వచ్చే ఫ్రీవీల్ పుల్లీ, సైకిల్ ఫ్రీవీల్ లాగే ఒక వైపుకే పట్టుకుని రెండో వైపుకి వదులుతుంది. ఇది బిగుసుకుపోతే టెన్షనర్ చెయ్యి స్లోలో ఎగిరెగిరి పడుతుంది, కళ్లకి కనిపిస్తుంది. ఏసీ వేస్తే లోడ్ పెరిగి ఇంకా ఎగురుతుంది.

క్రాంక్ పుల్లీ రబ్బరు విడిపోయిందో లేదో చూసుకోవడం చాలా తేలిక, అయినా ఎవరూ చూడరు. ముమ్మిడివరం వైపు నుంచి ఒక బండి నా దగ్గరికి వచ్చింది, ఏడాదిలో మూడు బెల్టులు, ఒక టెన్షనర్ వేశారట. నేను ఇంజన్ ఆపి, క్రాంక్ పుల్లీ మధ్య భాగం నుంచి రబ్బరు మీదుగా బయటి రింగు దాకా వైట్‌నర్‌తో ఒక గీత గీశాను, ఊళ్లోకి వెళ్లి పది కిలోమీటర్లు తిరిగి రమ్మన్నాను. వచ్చాక చూస్తే గీత రెండు ముక్కలైంది, బయటి ముక్క బొటనవేలంత పక్కకి జరిగి ఉంది. రబ్బరు పట్టు వదిలేసి రింగు దానంతటదే తిరుగుతోంది, మిగతావన్నీ దాని పాపానికి బలైపోయాయి. మీ బండికీ ఈ గీత తప్పకుండా గీయించండి.

మన నేల గురించి కూడా ఒక మాట. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి, చెరువుల గట్ల మీద నిలబెట్టే బండ్లకి పుల్లీ గాళ్లు తుప్పు పడతాయి. ఆ తుప్పు ఆకురాయిలా కొత్త బెల్ట్‌ని అరగదీస్తుంది. బెల్ట్ తీసినప్పుడే గాళ్లని వైరు బ్రష్‌తో శుభ్రం చేయించండి. రైసు మిల్లుల దగ్గర తిరిగే బండ్లలో ఊక కూడా గాళ్లలో గట్టిగా దిగిపోతుంది. సబ్బు రాయడం, ఆయిల్ కొట్టడం మాత్రం వద్దు, ఆ పూటకి చప్పుడు ఆగుతుంది, వారానికి రబ్బరు ఉబ్బి బెల్ట్ పాడవుతుంది.

కొత్త బెల్ట్ కొనేటప్పుడు పాతదాని మీది నంబరు చూసి కొనండి. 6పీకే అని ఉంటే 6 గాళ్లు, ఆ తర్వాతి అంకె మిల్లీమీటర్లలో పొడవు. ‘దగ్గర దగ్గరగా ఇదే సరిపోద్దండి’ అంటే తీసుకోకండి. బేరింగులు, ఐడ్లర్ వందల్లో తేలిపోవచ్చు, ఆల్టర్నేటర్ వేలల్లో మాట. ఈ లోపు దారిలో బ్యాటరీ లైటు వెలిగి, స్టీరింగ్ బరువెక్కి, టెంపరేచర్ ముల్లు లేస్తుంటే బెల్ట్ తెగిందని అర్థం, ఇంటికి చేర్చేద్దామనుకోకుండా వెంటనే పక్కకి తీసి ఆపేయండి.

ప్రశ్న: తణుకులో ఒక డీజిల్ కారు బేరం నడుస్తోంది. బెల్ట్ వైపు ఏం చూడాలండీ?
– ఒక పాఠకురాలు, పెనుగొండ

జవాబు: పొద్దున్నే వెళ్లండమ్మా, మీరు వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని ముందే చెప్పండి. వెళ్లేసరికి బోనెట్ వేడిగా ఉంటే ఆ రోజుకి వచ్చేసి ఇంకో రోజు వెళ్లండి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయించి, వెంటనే హెడ్‌లైట్లు, ఏసీ, వెనక అద్దం హీటర్ ఉంటే అది కూడా వేయించండి, లోపం ఉంటే అప్పుడే అరుస్తుంది. ఏసీ ఆపినప్పుడు గుర్రుమని, వేస్తే ఆగిపోతే ఏసీ కంప్రెసర్ పుల్లీ బేరింగ్ మీద అనుమానం పెట్టుకోండి. టార్చి వేసి ఆల్టర్నేటర్ కన్నాల్లోకి, పుల్లీల వెనక్కి చూడండి. ఎండిన ఒండ్రు సన్నగా పేరుకుని ఉంటే ఆ బండి మునిగిందేమో గట్టిగా ఆరా తీయాలి. 2022 జూలై గోదావరి వరదకి మన లంకలు చాలా నీళ్లలో ఉన్నాయి కదా, అప్పటి బండ్లు శుభ్రంగా కడిగి ఎక్కడికైనా చేరి ఉండొచ్చు.

ప్రశ్న: ఫ్యాన్ బెల్ట్, టైమింగ్ బెల్ట్ ఒకటేనా?
– ఒక పాఠకుడు, రామచంద్రపురం

జవాబు: కాదు. ఫ్యాన్ బెల్ట్ బయట కనిపిస్తుంది, తెగితే బండి ఆపేయాలి. టైమింగ్ బెల్ట్ (పిస్టన్లకీ వాల్వులకీ వరస కలిపేది) కవర్ లోపల ఉంటుంది, తెగితే పిస్టన్లు వాల్వుల్ని కొట్టి ఇంజన్ విప్పాల్సి వస్తుంది. స్విఫ్ట్ 1.3 డీజిల్ లాంటి వాటికి లోపల చైన్, డస్టర్ 1.5 డీజిల్‌కి బెల్ట్. బెల్ట్ ఉన్న బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లు, మార్చినట్టు బిల్లు చూపించకపోతే మార్చలేదనే లెక్కేసుకోండి. ఇలాంటి బండ్లలో ఫ్యాన్ బెల్ట్ అంచులు పీచులు లేస్తున్నా వెంటనే మార్పించాలి, ఆ పీచు క్రాంక్ పుల్లీ వెనకనుంచి కవర్‌లోకి దూరి టైమింగ్ తప్పించిన సందర్భాలున్నాయి.