పోర్క్ మ్యారినేట్ చేసి ఫ్లేవర్డ్ రైస్, సలాడ్‌తో విందు పెట్టాలి: ముక్క ఎండిపోకుండా ఎలా వండాలి?

మీరు రాసినదాంట్లో ముఖ్యమైనవి ఇవి: ఆదివారం రాత్రి ఆరుగురికి భోజనం, అందులో ఇద్దరు పిల్లలు. పోయినసారి లాయిన్ (వెన్ను పక్క భాగం) చాప్స్‌ని నిమ్మరసం, వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టారు. వండాక పైన పిండిపిండిగా, లోపల ఎండిపోయి వచ్చాయి. ఈసారి పచ్చి బొప్పాయి కూడా వేయమని ఎవరో చెప్పారు. ఏ భాగం తీసుకోవాలి, దేంట్లో నానబెట్టాలి, మూడూ ఒకే సమయానికి వేడివేడిగా ఎలా పెట్టాలి అని అడిగారు.

ముందుగా ఒక్క మాట. పులుపుని మాంసంలోంచి తీసేసి సలాడ్‌కి ఇచ్చేయండి. నేను ఈ భోజనం చాలాసార్లు వండాను, అతిథులకి కూడా పెట్టాను. మాంసానికి ఉప్పు, అన్నానికి సువాసన, సలాడ్‌కి పులుపు అని పని పంచేస్తే ఏదీ చెడదు. మూడింట్లోనూ అన్నీ వేసేస్తే ఏ ముద్దకి ఆ ముద్ద బాగానే ఉంటుంది కానీ నాలుగు ముద్దలకి నోరు అలిసిపోతుంది.

నిమ్మరసం, వెనిగర్ లాంటివి మాంసం పైపొరలోని ప్రొటీన్‌ని మార్చేస్తాయి. అరగంట, గంట అయితే ఫర్వాలేదు. రాత్రంతా ఉంచితే ఆ పైపొర పట్టు వదిలేసి పిండిలా అవుతుంది, లోపలికి మాత్రం పులుపు పెద్దగా వెళ్లదు. బొప్పాయిలోని పపైన్, తాజా పైనాపిల్‌లోని బ్రొమెలైన్ ఇంకా గట్టిగా పనిచేసే ఎంజైములు. అవి కూడా పైనపైనే పనిచేస్తాయి, ఎక్కువసేపు ఉంచితే పైభాగం గుజ్జయిపోతుంది. కాబట్టి బొప్పాయి వద్దు. నేను చెప్పబోయే పద్ధతిలో దాని అవసరమే రాదు.

నిజంగా లోపలికి దిగేది ఉప్పు ఒక్కటే. వెల్లుల్లి, మిరియాలు, సుగంధ ద్రవ్యాల రుచి చాలావరకు పైన కొన్ని మిల్లీమీటర్లలోనే ఆగిపోతుంది. ఉప్పు మాత్రం గంటలు గడిచేకొద్దీ లోపలికి పాకుతుంది, ప్రొటీన్ నీటిని పట్టి ఉంచుకునేలా చేస్తుంది. అందుకే మసాలా గురించి ఎంత ఆలోచిస్తామో ఉప్పు కొలత గురించి అంతకన్నా ఎక్కువ ఆలోచించాలి. కిలో మాంసానికి మొత్తం 12 గ్రాముల ఉప్పు సరిపోతుంది. సోయా సాస్ వాడితే అందులోని ఉప్పుని కూడా ఈ లెక్కలోకి తీసుకోవాలి. మామూలు సోయా సాస్ ఒక టేబుల్ స్పూన్‌లో రెండు గ్రాములకి పైనే ఉంటుంది.

ఇక ఏ భాగం అన్నది. లాయిన్, టెండర్‌లాయిన్ కొవ్వు తక్కువగా ఉండే భాగాలు. వాటికి సరైన వేడి చాలా ఇరుకైన గీత. లోపల 63 డిగ్రీల సెల్సియస్ దగ్గర రసంతో ఉంటాయి, 75 దాటితే ఎంత బాగా నానబెట్టినా ఎండిపోతాయి. పోయినసారి లోపల పొడిగా రావడానికి కారణం ఈ వేడే అని నా నమ్మకం, నానబెట్టడం పైభాగాన్ని మాత్రమే చెడగొట్టింది. షోల్డర్, అంటే భుజం భాగం, వేరే రకం. దాన్నిండా కొవ్వు, కొలాజెన్ అనే గట్టి పీచు ప్రొటీన్ ఉంటాయి. నెమ్మదిగా వండుతుంటే కొలాజెన్ కరిగి జెలటిన్ అవుతుంది, ముక్క 85, 90 డిగ్రీలకి వెళ్లినా మెత్తగా, తడిగానే ఉంటుంది. ఇంకో అరగంట ఎక్కువైనా తట్టుకుంటుంది. అతిథులు ఆలస్యంగా వచ్చే రోజున అంతకన్నా ఏం కావాలి? మీకు నా సలహా షోల్డరే. ఆరుగురికి ఎముక లేనిది కిలోన్నర తీసుకోండి. వండాక మూడో వంతు దాకా తగ్గిపోతుంది.

పంది మాంసం అనగానే చాలామందికి ఒక భయం ఉంటుంది, మీరూ పిల్లల గురించి అడిగారు కాబట్టి చెప్తున్నాను. అమెరికా వ్యవసాయ శాఖ ముక్క మాంసానికి సురక్షితమైన వేడిని 2011లో 71 డిగ్రీల నుంచి 63 డిగ్రీలకి తగ్గించింది, దించాక 3 నిమిషాలు కదపకుండా ఉంచాలని చెప్పింది. ఖీమాకి మాత్రం 71 అలాగే ఉంది. షోల్డర్‌ని మనం దీనికన్నా చాలా ఎక్కువ వేడికి తీసుకెళ్తున్నాం కాబట్టి టెన్షన్ అక్కర్లేదు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మెదడుకి వచ్చే బద్దెపురుగు జబ్బు ఉడకని పంది మాంసం తినడం వల్ల నేరుగా రాదు. అలాంటి మాంసం తింటే పేగులో బద్దెపురుగు పెరగవచ్చు. మెదడు జబ్బు వచ్చేది ఆ పురుగు ఉన్న మనిషి మలంలోంచి బయటికొచ్చిన గుడ్లు, కలుషితమైన నీటి ద్వారానో, సరిగ్గా కడగని కూరల ద్వారానో, చేతుల ద్వారానో నోట్లోకి వెళ్తే. అంటే ఈ భోజనంలో మాంసం ఎంత బాగా ఉడికించారో చూసుకున్నట్టే సలాడ్ ఎంత బాగా కడిగారో కూడా చూసుకోవాలి. పచ్చి మాంసం కోసిన చాకు, చెక్క సలాడ్ దగ్గరికి రాకూడదు. నేను సలాడ్‌కి వేరే చెక్కే పెట్టుకున్నాను.

శనివారం రాత్రి పని ఇరవై నిమిషాలు. మాంసాన్ని రెండంగుళాల ముక్కలుగా కోయండి. ముక్కలైతే మసాలా తగిలే పైభాగం పెరుగుతుంది, అందుకే పెద్ద దుంగలా వండడం కన్నా ఇది నాకు ఇష్టం. పైన మందంగా ఉన్న కొవ్వు కొంత తీసేయండి, మొత్తం తీయకండి. కిలోన్నరకి నాలుగు టేబుల్ స్పూన్ల సోయా సాస్, ఒకటిన్నర టీ స్పూన్ల ఉప్పు, పన్నెండు వెల్లుల్లి రెబ్బలు, బొటనవేలంత అల్లం, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు రెండు టీ స్పూన్లు, వేయించి దంచిన ధనియాలు ఒక టేబుల్ స్పూన్, రెండు టేబుల్ స్పూన్ల నూనె, ఒక నిమ్మకాయ పైతొక్క తురుము. రసం వద్దు, తొక్క తురుము మాత్రమే. వాసన వస్తుంది, పులుపు రాదు. తొక్క కింద ఉండే తెల్లభాగం చేదు కాబట్టి తేలిగ్గా తురమండి. అన్నీ పట్టించి మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచేయండి. ఫోర్క్‌తో పొడవడం అక్కర్లేదు. తేనె వేయాలని చాలా వంటకాల్లో ఉంటుంది. వేయండి కానీ ఇప్పుడు కాదు, చివర్లో. చక్కెర మాంసం కన్నా ముందే మాడిపోతుంది.

పిల్లలకి మిరియాలు ఎక్కువనిపిస్తే సగం తగ్గించండి, కారం కావాల్సిన పెద్దవాళ్లకి పచ్చిమిర్చి సన్నగా తరిగి విడిగా పెట్టండి.

ఆదివారం ఎనిమిదింటికి తినాలంటే అయిదింటికి ఓవెన్‌లో పెట్టాలి. ముక్కల్ని లోతైన ట్రేలో ఒకే వరుసగా సర్ది, అరకప్పు నీళ్లు పోసి, ఫాయిల్‌తో అంచులు బిగించి, 160 డిగ్రీల దగ్గర రెండు గంటలు. మధ్యలో తెరవకండి. ఏడింటికి తీసి ఒక ముక్కలో ఫోర్క్ గుచ్చి తిప్పితే సులువుగా విడిపోవాలి. విడిపోకపోతే మళ్లీ మూసి ఇంకో ఇరవై నిమిషాలు. ఓవెన్ లేకపోతే మందపాటి గిన్నెలో మూతపెట్టి సన్నమంట మీద ఇంచుమించు అంతే సమయం పడుతుంది, అప్పుడప్పుడు అడుగంటకుండా చూసుకోవాలి. తొందరైతే కుక్కర్‌లో మొదటి విజిల్ తర్వాత సన్నమంట మీద 20 నిమిషాలు పెట్టి, తర్వాత ముక్కల్ని పెనం మీద ఎర్రగా వేయించండి. రుచి ఓవెన్‌కి కొంచెం తక్కువే, అయినా తక్కువ చేసి చెప్పలేను.

ఇప్పుడు ట్రేలో అడుగున ఊట దిగి ఉంటుంది, పైన కొవ్వు తేలి ఉంటుంది. ఇది ఈ భోజనంలో నాకు అన్నిటికన్నా ప్రియమైన భాగం. ఊటనంతా గిన్నెలోకి వంచేయండి. పైన తేలిన కొవ్వులోంచి మూడు టేబుల్ స్పూన్లు అన్నానికి తీసుకోండి, మిగిలిన కొవ్వు తీసేయండి. కిందున్న ఊటలో ఒక టేబుల్ స్పూన్ తేనె కలిపి, బాగా మరిగించి సగానికి తగ్గించండి. జిగురుగా అవుతుంది. దాంట్లో సగం ముక్కల మీద పూసి, ఫాయిల్ లేకుండా 220 డిగ్రీల దగ్గర పదిహేను, ఇరవై నిమిషాలు పెడితే అంచులు ఎర్రగా కాలి పట్టు కడతాయి. ఆఖరి అయిదు నిమిషాలూ అక్కడే నిలబడి చూడండి, తేనె ఉన్నది ఒక్క నిమిషంలో మాడుతుంది. మిగతా సగం టేబుల్ మీదికి.

అన్నానికి వద్దాం. రెండున్నర కప్పుల బాస్మతి బియ్యాన్ని నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, ఆరున్నరకి నానబెట్టి ఉంచండి. ఏడింటికి ఆ కొవ్వుని గిన్నెలో వేడిచేసి దాల్చినచెక్క, నాలుగు లవంగాలు, బిరియానీ ఆకు, సన్నగా తరిగిన పెద్ద ఉల్లిపాయ ఒకటి వేయండి. ఉల్లిపాయ బంగారు రంగుకి రావాలి, నల్లబడకూడదు. వడకట్టిన బియ్యం వేసి గింజలు విరక్కుండా రెండు నిమిషాలు కలిపితే ప్రతి గింజకీ కొవ్వు పడుతుంది, అంటుకోవు. మూడుంబావు కప్పుల మరిగే నీళ్లు, ఒక టీ స్పూన్ ఉప్పు. మీరు మామూలుగా వేసే దానికన్నా ఇది తక్కువే, కావాలనే చెప్తున్నాను. ఆ చిక్కటి ఊట అన్నం మీదే పడుతుంది, అందులో కావాల్సినంత ఉప్పు ఉంది. ఎసరు కుతకుతలాడగానే మంట పూర్తిగా తగ్గించి, మూతపెట్టి 12 నిమిషాలు. తర్వాత మంట ఆపి పది నిమిషాలు మూత తీయకుండా వదిలేయండి. ఈ పది నిమిషాలు దాటవేయకండి, పైన పొడిగా కింద తడిగా ఉన్న అన్నం అంతా సమానమయ్యేది అప్పుడే. వడ్డించే ముందు కొత్తిమీర, కొంచెం నిమ్మతొక్క తురుము చల్లి ఫోర్క్‌తో విడదీయండి. పంది కొవ్వు వాడడం ఇష్టం లేకపోతే వెన్న వేయండి, బాగుంటుంది. కానీ ఆ కొవ్వుతో చేసినప్పుడు అన్నానికీ మాంసానికీ మధ్య ఒక చుట్టరికం కుదురుతుంది.

సలాడ్ గురించి చాలామంది చివర్లో ఏదో ఒకటి తరిగి పెట్టేస్తారు. దయచేసి అలా చేయకండి. ఇంత కొవ్వున్న మాంసం పక్కన ప్రతి ముద్దకీ నోటిని తేలికచేసేది అదే. రెండు కీరదోసకాయలు, పావు వంతు క్యాబేజీ దారాల్లా తరిగింది, ఒక ఎర్ర ఉల్లిపాయ, పుల్లటి పచ్చ ఆపిల్ ఒకటి, గుప్పెడు పుదీనా. కీరని ముక్కలు చేసి అర టీ స్పూన్ ఉప్పు చల్లి పావుగంట జల్లెడలో ఉంచితే నీళ్లు వదిలేస్తుంది, ఆ నీళ్లు వంపేస్తే ముక్క కరకరలాడుతుంది, గిన్నె అడుగున చెరువు కట్టదు. ఉల్లిపాయని అదే సమయంలో రెండు నిమ్మకాయల రసంలో వేసి ఉంచండి. ఘాటు పోతుంది, గులాబీ రంగు వస్తుంది. ఆ రసమే డ్రెస్సింగ్. మామూలుగా నూనె మూడు వంతులు, పులుపు ఒక వంతు అంటారు. ఇక్కడ నేను సమానంగా వేస్తాను, ఎందుకంటే కొవ్వు పని మాంసం ఎలాగూ చేస్తోంది. ఆపిల్‌ని కోయగానే ఆ రసంలో కలపండి, నల్లబడదు. అన్నీ కలపడం మాత్రం అందరూ కూర్చునేటప్పుడే.

మాంసం ఓవెన్‌లోంచి ఏడు నలభైకి బయటికొస్తుంది. ఫాయిల్ వదులుగా కప్పి పదినిమిషాలు ఉంచండి. బిగించి కప్పితే ఆవిరికి ఆ ఎర్రటి అంచులు మెత్తబడతాయి. అన్నం కూడా అప్పటికి సిద్ధంగా ఉంటుంది, సలాడ్ కలిపితే అయిపోయింది. వెడల్పాటి పళ్లెంలో అన్నం పరిచి దానిమీద ముక్కలు సర్ది, మిగిల్చిన సగం ఊట పైన పోసి, సలాడ్‌ని విడి గిన్నెలో పెట్టండి. సలాడ్‌ని వేడి అన్నం పక్కనే పెడితే క్యాబేజీ వాడిపోతుంది.

మిగిలితే అన్నం సంగతి ముందు చూడండి. బియ్యంలో ఉండే బాసిల్లస్ సెరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు, గది వేడిలో గంటల తరబడి ఉంటే పెరిగి వాంతులు తెప్పిస్తాయి, మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. అందుకని తిన్న గంటలోపే పలచగా పరిచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టేయండి. మాంసం ముక్కలు ఊటతోపాటు మూత డబ్బాలో రెండు మూడు రోజులు బాగుంటాయి, మర్నాడు పెనం మీద పొగలు కక్కేదాకా వేడిచేసుకోవచ్చు. సలాడ్ మాత్రం దాచకండి, ఆ రాత్రే తినేయాలి.