అండమాన్‌లో మొదటి రోజు: మేం దిగేసరికి సముద్రం లేదు

ప్రశ్న: ఫ్యామిలీతో అండమాన్ వెళ్తున్నాం. దిగిన రోజే హావెలాక్ దీవికి వెళ్ళిపోవాలా, ఆ రోజుకి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండిపోవాలా?

వెళ్ళిపోండి. మొదటి రోజు సెల్యులార్ జైలు, సాయంత్రం లైట్ అండ్ సౌండ్ షో, రాత్రికి రెస్ట్ అని అందరూ చెప్తారు గానీ నాకు ఆ ప్లాన్ అస్సలు నచ్చదు. 1906లో కట్టడం పూర్తయిన జైలు ఇంకో నాలుగు రోజుల్లో ఎక్కడికీ పోదు, తిరిగొచ్చేటప్పుడు చూడొచ్చు. తెల్లవారుజామున మూడింటికి లేచి ఎయిర్‌పోర్ట్‌కి పరిగెత్తిన మొహాలతో, పిల్లల్ని వెంటేసుకుని, ఉరికంబం ముందు నిలబడి హాలిడే మొదలెట్టడం ఏంటండీ అసలు.

కాకపోతే ఒకటి. మీరు వెళ్ళే రోజు అక్కడ పొద్దు ఎన్నింటికి గుంకుతుంది, సముద్రం ఎన్నింటికి వెనక్కి పోతుంది అన్నది చూసుకుని వెళ్ళండి. నేను హోటల్ రివ్యూలు ఒక వంద చదివుంటా, బ్రేక్‌ఫాస్ట్‌లో ఇడ్లీ ఉంటుందా లేదా అనేది కూడా కనుక్కున్నా, ఈ రెండు మాత్రం చూడలేదు. నాది వైజాగ్ కదా, సముద్రం గురించి నాకొకడు చెప్పేదేంటి అనే పొగరు కూడా కొంత ఉంది.

పోయిన డిసెంబర్‌లో వెళ్ళాం. నేను, మా ఆవిడ, ఏడేళ్ళ పాప, మా అత్తగారు. హైదరాబాద్ నుంచి పొద్దున్నే ఫ్లైట్, తొమ్మిదింటికల్లా పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నాం. దిగాక మొదటి తలనొప్పి పేర్లు. పోర్ట్ బ్లెయిర్‌ని 2024లో శ్రీ విజయపురం చేశారు, హావెలాక్‌ని 2018లోనే స్వరాజ్ ద్వీప్ చేశారు, టికెట్ మీద ఒక పేరు, బోర్డు మీద ఇంకో పేరు, ఆటోవాళ్ళ నోట్లో మళ్ళీ పాత పేరే. "బాబూ, మనం హావెలాక్ కదా వెళ్ళాలి, ఇదేదో స్వరాజ్ అంటున్నాడు, వేరే పడవ ఎక్కించేస్తున్నావేమో చూడు" అని మా అత్తగారు జెట్టీలో క్యూ అంతటికీ వినిపించేలా అన్నారు. ఫెర్రీలో గంటన్నర పైనే పట్టింది. ఏసీ చలి, కిటికీ అద్దాల మీద ఉప్పు మరకలు, పక్క సీటాయన వాంతి కవరు పట్టుకుని కూర్చున్నాడు. సముద్రం మధ్యలో ఉండి సముద్రం సరిగ్గా కనపడకుండా వెళ్ళాం. దాని గురించి ఇంకేం చెప్పను.

మా రిసార్ట్ విజయనగర్ బీచ్‌లో. అక్కడ బీచ్‌లకి నంబర్లుంటాయి, ఇది నంబర్ ఐదు, తూర్పు వైపు. "బీచ్ ఫ్రంట్" అని రాత్రికి రెండు వేలు ఎక్కువ కట్టా. రెండున్నరకి రూమ్ తాళం ఇచ్చారు, బ్యాగులు అక్కడే పడేసి నలుగురం కొబ్బరి చెట్ల మధ్య నుంచి పరిగెత్తుకుంటూ వెళ్ళాం. చూస్తే సముద్రం లేదు.

నిజంగానే లేదండి. ఎదురుగా బురదరంగు ఇసుక, నల్ల రాళ్ళు, చచ్చిన పగడాల ముక్కలు, ఒక పక్కకి ఒరిగిపోయి పడున్న రెండు పడవలు, ఎక్కడో దూరంగా నీలంగా ఒక గీత. మా అత్తగారు చెంగు నడుముకి దోపుకుని ఒక నిమిషం పాటు చూశారు. "ఇంత డబ్బు పోసి ఎండిపోయిన చెరువుకి తీసుకొచ్చావా బాబూ?" అన్నారు. మా ఆవిడ నావైపు చూడలేదు, చూసుంటేనే నయం.

పాప మాత్రం అప్పటికే రాళ్ళ మధ్య గుంటల్లోకి దిగిపోయింది. మోకాలి లోతు కూడా లేని నీళ్ళు, అడుగున ఇసుక రేణువులు లెక్కపెట్టొచ్చు, వాటిలో నల్ల దోసకాయల్లాంటివి పడున్నాయి, కదలవు. అవి ప్రాణులేనని తర్వాత తెలిసింది, సీ కుకుంబర్ అంటార్ట. మా అత్తగారు ఒక చిన్న శంఖం ఏరి, బావుందే దేవుడి దగ్గర పెట్టుకుందాం అని అరచేతిలో పెట్టుకున్నారు. నాలుగు సెకన్లు ఆగి ఆ శంఖానికి కాళ్ళొచ్చాయి. ముందు రెండు ఎర్రటి కాళ్ళు, తర్వాత ఇంకో రెండు, తర్వాత అది ఆవిడ బొటనవేలి వైపు నడవడం మొదలెట్టింది. ఆవిడ పెట్టిన కేకకి రిసార్ట్ కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు. సన్యాసి పీత అది, ఖాళీ శంఖం దొరికితే దూరి కాపురం పెట్టేస్తుంది. కాళ్ళు రాని శంఖమైనా తెచ్చుకోకండి, పగడపు ముక్క అయినా సరే, తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్ట్ చెకింగ్‌లో బ్యాగ్ విప్పి తీయిస్తారు, మా ముందున్నాయన బతిమాలుకోవడం నేను చూశా.

ఈ కేకకి వచ్చిన ఇంకో మనిషి బయట ఆటోలో కూర్చున్నాయన. మా తెలుగు విని, "ఏటైందమ్మా? ఏ ఊరు మీది?" అన్నాడు. సోంపేట దగ్గర ఊరంట, వాళ్ళ నాన్న కాలంలో వచ్చేశారంట. అండమాన్‌లో తెలుగువాళ్ళు తక్కువేం కాదు, 2011 జనాభా లెక్కల్లో నూటికి 13 మంది దాకా మాతృభాష తెలుగే, అందులో మన శ్రీకాకుళం, వైజాగ్ వైపు వాళ్ళే ఎక్కువ. ఆయన మా అత్తగారితో, "సంద్రం ఏటీ ఎల్లిపోలేదమ్మా. ఈ రోజు పున్నమి కదా, పాటు గట్టిగా తీసేస్తాది. రేత్రి పదింటికి చూడండి, మీ గది కాడికి ఒచ్చేస్తాది" అన్నాడు.

పున్నమికీ అమావాస్యకీ ఆటుపోట్లు పెద్దగా ఉంటాయని నేనూ చిన్నప్పుడు చదువుకున్నవాణ్ణే. కానీ మన రుషికొండలో ఒడ్డు వాలుగా ఉంటుంది కాబట్టి నీరు తగ్గినా పెద్దగా తెలీదు, ఇక్కడ నేల పళ్ళెంలా చదును, నీటి మట్టం ఒక మనిషెత్తు తగ్గితే ఒడ్డు ఎంతో దూరం బయటపడిపోతుంది.

ఆయనే మళ్ళీ, "రాధానగర్ బీచ్‌కి ఎల్లాలంటే ఇప్పుడే ఎక్కేయండి, లేదంటే సీకటి పడిపోద్ది" అన్నాడు. టైమ్ చూస్తే మూడున్నర! మా ప్యాకేజీ ఏజెంట్ ఇచ్చిన కాగితంలో "5:30 నుంచి 6:30, రాధానగర్‌లో సన్‌సెట్" అని ఉంది. ఆ మహానుభావుడు గోవా కాగితంలో పేరు మార్చి ఇచ్చాడని నా గట్టి నమ్మకం. మన గడియారం లెక్క కట్టే రేఖ కాకినాడ పక్క నుంచి పోతుంది, 82 డిగ్రీల 30 నిమిషాలు అని స్కూల్లో బట్టీ పట్టిందే. అండమాన్ అక్కడికి పది డిగ్రీలు తూర్పున ఉంది, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున నలభై నిమిషాలు తేడా, కానీ గడియారం మాత్రం మనదే. అందుకే డిసెంబర్‌లో అక్కడ సాయంత్రం ఐదు కొట్టేసరికి సూర్యుడు దుకాణం కట్టేస్తాడు. ఆ ఏజెంట్ కాగితం నమ్ముకుని వెళ్తే చీకట్లో అలల చప్పుడు విని రావడమే.

నాలుగుం పావుకి రాధానగర్‌లో ఉన్నాం. అది పడమటి వైపు, నీళ్ళు వెనక్కి తగ్గినా బీచ్ బీచ్‌లాగే ఉంది, తెల్లటి పిండిలాంటి ఇసుక, వెనక ఆకాశాన్ని తాకే చెట్లు. 2020లో దేశంలో మొదటి విడత బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకిచ్చే గుర్తింపు) వచ్చిన ఎనిమిది బీచ్‌లలో ఇదీ ఉంది, మన రుషికొండా ఉంది, ఆ సంగతి అక్కడ ఇద్దరికి చెప్పా, ఎవరూ పట్టించుకోలేదు. నీళ్ళలో సరిగ్గా అరగంట ఉన్నాం. అందులో పది నిమిషాలు ఎవరో జంట రీల్ తీసుకుంటుంటే ఫ్రేమ్‌లోకి రావద్దంటే పక్కకి జరిగాం, సముద్రం మీద కూడా కర్చీఫ్ వేసేసే జనం తయారయ్యారు. ఐదు కాకుండానే పొద్దు గుంకింది, లైఫ్‌గార్డ్ విజిల్ ఊది అందర్నీ బయటికి పంపేశాడు. విజిల్ ఊదితే వాదించకండి, మొసళ్ళున్నాయి జాగ్రత్త అనే బోర్డులు ఉత్తినే పెట్టలేదు.

ఐదున్నరకి కటిక చీకటి. ఏడింటికి భోజనం చేసేసి, పాప నిద్రపోయి, ఇంక చెయ్యడానికేం లేక నేనూ పడుకుండిపోయా. తొమ్మిదిన్నరకో పదికో మా ఆవిడ లేపింది. "అమ్మ గదిలో లేదు" అంది.

చెప్పులు కూడా వేసుకోకుండా బయటికొచ్చాం. మధ్యాహ్నం ఒరిగి పడున్న ఆ రెండు పడవలూ నిటారుగా లేచి ఊగుతున్నాయి. వెన్నెల్లో నీళ్ళు కొబ్బరి చెట్ల మొదళ్ళ దాకా వచ్చేశాయి. మా అత్తగారు రిసార్ట్ మెట్ల మీద చివరి మెట్టున కూర్చుని, చీర మోకాళ్ళ దాకా లాక్కుని, పాదాలు నీళ్ళలో పెట్టుకుని ఉన్నారు. మమ్మల్ని చూసి, "ఆ ఆటో అబ్బాయి చెప్పినట్టే వచ్చింది బాబూ" అని, కాస్త పక్కకి జరిగి చోటిచ్చారు.